అశ్వరహిత స్వారీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “సొంత గుర్రం అక్కర్లేదు. స్వారీ, వేట వంటి రాచ అభిరుచులు అలవరచుకోండి. ఆత్మవిశ్వాసం దానంతటదే వస్తుంది.”

అవతారిక: క్యాంపస్‌లో జరిగిన ఒకానొక వ్యక్తిత్వ వికాస సభయందు, మే నెలలోనూ కోటు విప్పని ఒక పెద్దమనిషి సెలవిచ్చిన సూత్రమిది. శ్రోతలు నోటిఫికేషన్ కొరకు ఎదురుచూచు పీహెచ్‌డీలు. కావున వ్యాఖ్యానము ఆవశ్యకము.

ప్రతిపదార్థము: సొంత, గుర్రం – ఈ రెండును స్పష్టములు. అక్కర్లేదు – ఇచ్చట నిలిచి విచారింపవలెను.

విశేషము: సొంత గుర్రము లేని స్వారికి ఆద్యుడు నలుడు. జూదమున రాజ్యము పోగొట్టుకొని, బాహుకుడను పేర అయోధ్య చేరి, ఋతుపర్ణుని అశ్వశాలలో కొలువు కుదిరెను. గుర్రములు రాజువి, వేగము బాహుకునిది. విదర్భ త్రోవలో రాజు ఉత్తరీయము జారిపడగా, ఆపుమనునంతలో అది యోజనము వెనుకబడెను. ఆపైన తాండ్రచెట్టు కడ రాజు అక్షహృదయము నుపదేశించి, బదులు రావలసిన అశ్వహృదయమును “నీ యొద్దనే యుండనిమ్ము, పిదప గ్రహింతు” ననెను. అదీ పెద్దమనిషి తరహా! నకులుడును అంతే, విరాటుని కొలువున దామగ్రంథియై పరుల గుర్రములనే సాకెను. వీరిలో నొక్కడును స్వారికి రుసుము చెల్లించినట్లు భారతమున లేదు. పైపెచ్చు బాహుకునకు నూరు నూర్లు వేతనము పలికిరి. అనగా పదివేలు. పార్ట్‌టైం లెక్చరర్లు గమనింతురు గాక.

సూత్రకారుని మరచితిమి. ఆయన చెప్పిన స్వారీ బడి ఊరికి ఆ కొసన ఉంది. తార్నాకలో మెట్రో ఎక్కి, దిగి, ఆటో మాట్లాడుకుని చేరితే, అక్కడ గంటకు అడిగే డబ్బు మా మెస్ బిల్లుతో పోటీపడుతుంది. ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంది: గుర్రం సర్కారుది, స్వారీ క్యాడెట్‌ది. ఆ ముక్క ఆయన చెప్పలేదు. చెప్పినా మాకు వయసు దాటింది. అసలు పందేల గుర్రాలే 1886లో పక్కనున్న మౌలాలిని వదిలి మలక్‌పేట పోయాయి. తార్నాకకు అశ్వయోగం అప్పుడే తప్పింది.

వేట – వన్యమృగములను కొట్టుట 1972 నాటి చట్టముచే నిషిద్ధము. ముఖ్యార్థబాధ కలుగుటచే జహల్లక్షణచేత ‘అద్దెగది వేట’ అని గ్రహింపవలెను. టులెట్ బోర్డు ఆనవాలు పట్టి వెళ్తే, ఇక్కడ మృగమే వేటగాణ్ణి ప్రశ్నిస్తుంది: పెళ్లయిందా? మీరేవిట్లు? మాంసం వండుతారా? రెండో ప్రశ్నకు నిజం చెప్పామో, మూడోది అడక్కుండానే తలుపు పడుతుంది. థీసిస్ ఏ విషయం మీద అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

ఆత్మవిశ్వాసం – దీని అర్థము సూత్రకారునికే తెలియును.

తాత్పర్యము: గుర్రము గలవాడు చెప్పెను, లేనివారు చప్పట్లు కొట్టిరి. ‘చప్పట్లు కొట్టిరి’ అనుచోట ‘హాజరు సంతకములు పెట్టిరి’ అని పాఠాంతరము.