మంచం పట్టిన మనిషికి ఏ పద్దు?

మహారాజశ్రీ తెలంగాణ రాష్ట్ర ఆర్థిక శాఖ వారి సముఖమునకు,

వరంగల్ జిల్లా, వర్ధన్నపేట వైపు నుంచి ఒక రైతు కొడుకు రాసుకొను అర్జీ. ఉభయకుశలోపరి. మా వైపు కుశలం అంతంతమాత్రమే, అయినా అర్జీకి మర్యాద మర్యాదే. ఇలాంటివి ఆరోగ్య శాఖకు రాయాలని నాకూ తెలుసు. అక్కడ ఏం అడిగినా “ఫైలు ఫైనాన్స్‌లో ఉంది” అనే జవాబే వస్తుంది కాబట్టి, ఆ ఫైలు వెంబడే నేనూ వచ్చాను.

మా బాపుకు పక్షవాతం వచ్చింది. వచ్చిననాడు సర్కారుకు వంక పెట్టడానికి లేదు. 108 వచ్చింది, ఆరోగ్యశ్రీ పనిచేసింది, ప్రాణం నిలబడింది. 2007లో మొదలైన ఆ పథకం హద్దును 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు, సంతోషం. డిశ్చార్జి చీటీతో పాటు పది రోజుల మందులిచ్చి పంపారు. పదకొండో రోజు నుంచి మా బాపు మీ లెక్కల్లో లేడు.

పది లక్షల కార్డు అల్మారాలోనే ఉంది. దాంతో ఒక డైపర్ రాదు. మూత్రం పైపు మార్చే నర్సు ఇంటికి రాదు. బిగుసుకుపోయిన చేతిని వంచి చాపే ఫిజియోథెరపిస్టు రాడు. అదే వీపు మీద పుండు ముదిరి, రక్తానికి విషమెక్కి, ఐసీయూలో పడితే కార్డు మళ్ళీ లేచి కూర్చుంటుంది. పుండు ముదిరాక లక్షలు ఇచ్చే సర్కారుకు, పుండు పడకుండా రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పే చేతులకు ఇవ్వడానికి పద్దు లేదు. ప్రస్తుతం ఆ చేతులు మా అమ్మవి. ఆమెకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. బాపుకొచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలు దూదికి, డైపర్లకే చాలదు. ఇక మనిషిని పెట్టుకునే మాటెక్కడ?

మరి సర్కారు దవాఖానకు తీసుకుపోవచ్చు కదా అంటారు. ఏ సర్కారు దవాఖానకు, మహాప్రభో? పల్లె దవాఖానా, పీహెచ్‌సీ ప్రజారోగ్య సంచాలకులవి, జిల్లా వైద్యాధికారి గారి ఏలుబడి. మా దగ్గరి సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) వైద్య విధాన పరిషత్‌ది. 1986 నాటి చట్టంతో పుట్టిన ఆ పరిషత్‌కు మీరు గ్రాంటు ఇస్తే జీతాలు, లేకపోతే ఎదురుచూపులు. అందుకే అక్కడి ఉద్యోగులు మమ్మల్ని కూడా ఖజానా నుంచి నేరుగా జీతమిచ్చే 010 పద్దులో వేయండని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రి మాత్రం వైద్య విద్యా సంచాలకులది. ఆరోగ్యశ్రీకి వేరే ట్రస్టు, మందులకు వేరే కార్పొరేషన్. మా బాపు ఒక్కడే, యజమానులు ఐదుగురు. ఉమ్మడి ఆస్తి పాడుబడ్డట్టు ఆయన పాడుబడుతున్నాడు.

ప్రమాణాల పుస్తకంలో సీహెచ్‌సీ అంటే 30 పడకలు, 1,20,000 మంది జనాభా, సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు. చదవడానికి కమ్మగా ఉంటుంది. దేశం మొత్తమ్మీద గ్రామీణ సీహెచ్‌సీలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు కొరతేనని 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో కేంద్రమే అచ్చేసింది. అందుకే జ్వరానికీ ఎంజీఎం, పైపు మార్చడానికీ ఎంజీఎం. పాత ఆదిలాబాద్ నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా జనం వచ్చి పడే ఆ వరండాలో, స్ట్రెచర్ మీద మంచం పట్టిన మనిషిని ఉంచుకొని నిలబడి చూడండి ఒకసారి. అక్కడి డాక్టర్లను తిట్టబుద్ధి కాదు.

మీ దగ్గర డబ్బు లేదని నేననను. 1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో వారాల్లోనే ఖాళీ చేయించి, నేలమట్టం చేసి, జూన్ 21న 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. 1,100 కోట్లన్న అంచనా 1,700 కోట్లు దాటింది, గడువు మీద గడువు మారింది. కట్టవద్దని కాదు నా మాట, గుండెకు, మెదడుకు పెద్ద దవాఖానా కావలసిందే. కానీ 24వ అంతస్తు నుంచి చూసినా మా మంచం కనబడదు కదా.

ఇంటింటికీ వచ్చే బండి కూడా మీకు తెలియనిదేం కాదు. క్యాన్సర్ రోగులకు, మంచం పట్టినవాళ్ళకు “ఆలన” అని మంచి పేరే పెట్టి నడుపుతున్నారు, మా గడపకు మాత్రం రాలేదు. కేరళలో 2008లోనే దీనికి ఒక విధానం రాసుకున్నారు. అక్కడ పంచాయతీలు తమ నిధుల్లోంచే నర్సును ఇంటికి పంపుతాయి. మనకూ 15వ ఆర్థిక సంఘం దేశమంతటి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికని 2021-26కు 70,051 కోట్లు చెప్పింది. మన దగ్గరేమో 2024 మొదట్లో సర్పంచుల గడువు తీరితే, 2025 డిసెంబరు దాకా ఎన్నికలే లేవు, ఇక నర్సును పంపే పంచాయతీ ఎక్కడిది? 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 20వ సెక్షన్ తీసి చదవండి. దీర్ఘకాలిక రోగాల వైద్యం విస్తరించాలి, జిల్లా ఆసుపత్రుల్లో ముసలివాళ్ళకు ప్రత్యేక ఏర్పాటు ఉండాలి అని ఉంది. దానికి రూపాయి ఎక్కడినుంచి వస్తుందో రాయడం ఆ చట్టం మరిచింది, గుర్తు చేయడం మీరు మరిచారు.

కోరిక పెద్దది కాదు. ఒక్కో సీహెచ్‌సీలో 30 పడకల్లో ఐదు ఇలాంటివాళ్ళకు వదలండి, ఇంట్లో చూసేవాళ్ళు నెలకు నాలుగు రోజులు నడుము వాల్చుకుంటారు. ఒక ఫిజియోథెరపిస్టును, ఇంటికి తిరిగే ఇద్దరు నర్సులను పర్మినెంటుగా వేయండి, కాంట్రాక్టు మీద కాదు. పై ఐదుగురు యజమానుల్లో ఎవరో ఒకరి పేరు మీద ఆ ఖర్చుకొక పద్దు తెరవండి. ఎవరైనా సరే, మాకు పట్టింపు లేదు.

శంకుస్థాపన లేనిదే నిధులు కదలవన్నది ఆనవాయితీ అయితే, మా ఇంటికే దయచేయండి. బాపు మంచం పక్కన కాస్త జాగా ఉంది. శిలాఫలకం మేమే చెక్కిస్తాం, పేర్ల వరస మాత్రం మీరు పంపండి.

ఇట్లు,
తమ విధేయుడు,
పద్దు లేని మనిషి కొడుకు