కాలజ్ఞానానికి గైడ్ ఎవరు?

బనగానపల్లె దగ్గర రవ్వలకొండ గుహలో కూర్చుని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని ప్రతీతి. గరిమిరెడ్డి అచ్చమ్మ గారి ఆవులు కాస్తూ, అవి మేసేలోగా రాసుకున్నారట. మన భాషలో చెప్పాలంటే పార్ట్‌టైమ్ స్కాలర్. ఈ రోజుల్లో అయితే రిజిస్ట్రేషన్ దగ్గరే తిప్పి పంపేవాళ్లు. నెట్ రాయలేదు, గైడ్ లేడు, జరగబోయే సంగతులకు ఫుట్‌నోట్లు అసలే లేవు.

అయినా ఆయన దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా చేసుకోవడానికి ఏ సంస్థనూ గ్రాంటు అడగలేదు. ఇప్పుడు అదే పనికి 'మత సామరస్యం: బహుముఖ దృక్పథాలు' అని రెండు రోజుల జాతీయ సదస్సు కావాలి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. రెండో రోజు వందన సమర్పణ, ఫొటోలు. భోజనాల్లో మాత్రం సామరస్యం కుదరదు, అతిథులకు వేరే గది.

హాలు నిండాలి కాబట్టి పీజీ పిల్లలకు ఆ రోజు అటెండెన్స్ అక్కడే. వాళ్లలో బనగానపల్లె కుర్రాడొకడు ఉంటాడు. సెలవులొస్తే నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీకి కూలికి పోయేవాడు. ఇంకో సదస్సులో వేదిక మీద ఆచార్యుల వారు 'సీమ యువత: ఉపాధి సంక్షోభం' అంటూ తెర మీద రాళ్లు మోసే ఫొటో చూపిస్తారు.

"సార్, ఆ పని నేను చేసినా. ఒక మాట చెప్పొచ్చా?"

"కూర్చో నాయనా, టైము లేదు."

ప్రశ్నలకు లేని టైము సన్మానాలకు ఉంటుంది.

సీమకు సదస్సుల కరువు ఎన్నడూ లేదు. కోస్తా, సీమ నాయకులు కుదుర్చుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం రాసిచ్చారు. అక్కడ సొంత విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. కర్నూలుకు 2008లో వచ్చింది. ఈ ఆలస్యం మీద వచ్చిన పత్రాలు అచ్చేస్తే లైబ్రరీలో ఒక బీరువా నిండుతుంది.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. యాగంటి గుడిలోని రాతి నంది బసవన్న ఏటేటా పెరుగుతున్నాడని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని మావాళ్ల నమ్మకం. ఆలోగా ప్రభుత్వం ఫీజు బకాయిలు విడుదల చేస్తుందని మాత్రం బ్రహ్మంగారు కూడా ఎక్కడా రాసినట్టు లేదు. డబ్బు రాలేదని కాలేజీ వాళ్లు పిల్లల ఒరిజినల్స్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కూడా ఎవరో ఒకరు పత్రం సమర్పించే ఉంటారు.

అందుకే మా కుర్రాడి ఫైలు బరువుగానే ఉంటుంది. పేదరికం మీద సదస్సుకు ఒకటి, వలసల మీద ఒకటి, విద్యాహక్కు మీద ఒకటి. హాజరైనట్టు రంగుల సర్టిఫికెట్లు, ఏ పూటకు ఆ పూట చేతికొచ్చినవి. పాసైనట్టు చెప్పే కాగితం ఒక్కటే అందులో లేదు.