మీ ఇరవై రెండు, నా ఎనిమిది

కామారెడ్డి,
యాసంగి వడ్లు రోడ్డెక్కిన రోజులు.

మహారాజశ్రీ మైలేజీ రోలరు గారికి,
వాహనాల పరీక్షశాల,
ఎండ తగలని, వాన పడని గది.

విషయం: చిన్న ట్రాలీ బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు పోతుందన్న సంగతిలో తమ కాగితానికీ నా జేబుకూ కుదరకపోవడం గురించి.

సూచిక: 1. షోరూంలో చేతికిచ్చిన రంగుల కాగితం. 2. బంకు చీటీలు, ఒక సంచెడు.

అయ్యా,

తమరు నన్ను ఎరగరు. నా బండిని మాత్రం ఎరుగుదురు. దాని తోబుట్టువొకటి తమ వీపు మీద ఎక్కి పరుగెత్తింది. చక్రాలు తిరిగాయి, బండి ఉన్నచోటే ఉంది. అలా అంగుళం కదలకుండా లీటరుకు 22 కిలోమీటర్లు సంపాదించుకుంది. నా బండి కదులుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను కామారెడ్డి అడ్డా మీద కిరాయికి బండి నడుపుతాను. 2005లో టాటా ఏస్ వచ్చిన నాటి నుంచి ఈ జాతి బండి ఏ కంపెనీదైనా సరే, జనం నోట్లో అది చోటా హాథీయే, లేదా ట్రాలీ. ముప్పావు టన్ను మోస్తుంది, ఇరుకు సందుల్లో తిరుగుతుంది, అడిగినచోట ఆగుతుంది. నాది ఏ కంపెనీదో ఇక్కడ రాయను. బండి మీద నాకు ఫిర్యాదు లేదు. అది నాకంటే ఎక్కువ కష్టపడుతుంది.

తమరి పరీక్ష ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకున్నాను. మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అంటారట. మొత్తం ఇరవై నిమిషాలకు కాస్త తక్కువ, పదకొండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఎంత తొక్కినా గంటకు 90 దాటదు, సగటున 32 దగ్గర పోతుంది. మధ్యమధ్యలో బండి ఆగుతుంది కూడానట, సెకన్లు లెక్కబెట్టి. పైన నిండు లోడు మాత్రం ఉండదట. పరీక్ష అందరికీ ఒకటిగా ఉండాలి, ఒక బండితో ఇంకో బండిని పోల్చాలి, అందుకే ఇదంతా అన్నారు. న్యాయమే. కానీ పోల్చడానికి పెట్టిన అంకెను చూపించి నా చేత అప్పు చేయించారే, దాని సంగతేమిటి?

ముందు రోడ్డు గురించి చెబుతాను. కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి నలభై కిలోమీటర్లు. కోతలప్పుడు అందులో సగం రోడ్డు వడ్లదే. ఒక పక్కన బంగారం పోసినట్టు వడ్లు, చుట్టూ కాపలాగా రాళ్లు, రెండో పక్కన నేను, నా ఎదురుగా ఆర్టీసీ బస్సు. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. రైతును తిడదామా అంటే నోరు రాదు. కోత మిషను పచ్చి వడ్లు కుప్ప పోసి పోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తూకం వేయరు. కల్లాలు మాయమయ్యాయి, మిగిలింది తారు రోడ్డే. ఒక ఆఫీసు రాసిన 17, ఇంకో ఆఫీసు రాసిన 22, రెండూ తాడ్వాయి దాటాక ఎదురెదురుగా వచ్చి దారివ్వమంటాయి. ఎవరు పక్కకు జరగాలో తమరే చెప్పాలి.

నా పాపాలు కూడా దాచను. కొనుగోలు కేంద్రం బస్తా నలభై కిలోలు. ముప్పావు టన్ను అంటే పద్దెనిమిది బస్తాలు, ఆపైన ముప్పావు బస్తా. నేను ఇరవై అయిదు వేసుకున్న రోజులున్నాయి. 2019 చట్ట సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా ఇరవై వేలు, ఆపైన అదనపు టన్నుకు రెండు వేలు. తెలిసే వేశాను, దేవుడి మీద భారం వేసి. బరువు మాత్రం టైర్ల మీదే పడింది. గాలి వారానికోసారి చూడాలి, నెలకోసారి చూస్తాను. బ్యాటరీ ముసలిదైంది, సెల్ఫ్ కొట్టదేమోనన్న భయంతో కొనుగోలు కేంద్రం లైన్లో ఉన్నంతసేపూ ఇంజిన్ బంద్ చేయను. ఈ మూడూ తగ్గించిన మైలేజీ నా ఖాతాలోనే రాసుకోండి.

ఇక లెక్క. లోడుతో పోయేటప్పుడు లీటరుకు 14, ఖాళీగా వచ్చేటప్పుడు 19. రానుపోను ఎనభై కిలోమీటర్లకు అయిదు లీటర్లకు చుక్క తక్కువ. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాదులో లీటరు డీజిలు 95 రూపాయల 65 పైసలు అయింది. ఆ ధర పట్టినా ట్రిప్పుకు 475 రూపాయలు. నాలుగు టైర్లు పదహారు వేలు, నలభై వేల కిలోమీటర్లు నడుస్తాయి. సర్వీసు పదివేల కిలోమీటర్లకు మూడు వేలు. రెండూ కలిపి కిలోమీటరుకు 70 పైసలు, ట్రిప్పుకు 56 రూపాయలు. ఇంత చిన్న సరుకు బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2022 జూన్ రేటు ప్రకారం, పన్ను కాక, 16,049 రూపాయలు. ఏడాదికి నేను తిరిగే ఇరవై నాలుగు వేల కిలోమీటర్లకు పంచితే ట్రిప్పుకు 54. కిస్తు నెలకు తొమ్మిది వేలు, నెలకు ఇరవై అయిదు ట్రిప్పులు, అంటే ట్రిప్పుకు 360. మొత్తం 945. ఎల్లారెడ్డికి కిరాయి పన్నెండు వందలు. మిగిలింది 255. అదే నా కూలి. లింగంపేటలో తాగిన చాయి అందులోదే.

లింగంపేట అన్నాను కదా, అక్కడ నాగన్న బావి ఉంది, మెట్ల బావి. నా మైలేజీ దాని మెట్లే దిగింది. పై మెట్టు మీద తమరి 22. కింది మెట్టు మీద బంకు చీటీలు చెప్పే 16. ఇంకా కిందికి దిగి నీళ్లు ముట్టుకుంటే అక్కడ 8. ఎలాగంటారా? కిరాయి ఇచ్చేవాడు నలభై కిలోమీటర్లకే ఇస్తాడు, డీజిలు ఎనభైకి కాలుతుంది. సరుకు మోసిన దూరం నలభై, పోసిన డీజిలు అయిదు లీటర్లు. భాగించి చూడండి. ఖాళీ బండికి 19 వస్తుందని మురిసిపోయేవాణ్ని. ఖాళీ బండి ఎంత మంచి మైలేజీ ఇచ్చినా అది నా సొమ్ముతో చేసే షికారే.

షోరూంలో కుర్రాడు కాల్క్యులేటరు తీసి, "అన్నా, ఇరవై రెండు ఇస్తది, కిస్తు పోను మస్తు మిగులుతది" అన్నాడు. ఫైనాన్సాయన పక్కన కూర్చుని తలూపాడు. అప్పు ఇరవై రెండు మీద తీసుకున్నాను, కిస్తు ఎనిమిది మీద కడుతున్నాను. అయ్యా, నా లేఖంతా ఈ ఒక్క ముక్క కోసమే.

మధ్యలో వచ్చిపడే కష్టాలు వేరే. 2017 జూన్ 16 నుంచి డీజిలు ధర రోజూ మారడానికి వీలుంది. కిరాయి మార్చమంటే మాత్రం సరుకు పంపే సేటు గారు ముఖం మారుస్తారు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మా జిల్లా మీద ఆకాశం విరిగి పడింది. రోడ్లు, కల్వర్టులు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. చుట్టు తిరిగి పోయిన ఆ రోజుల్లో ఎంత మైలేజీ వచ్చిందని అడగకండి, నేను చూసుకోలేదు.

మొన్న ఒక సంగతి జరిగింది. ఎల్లారెడ్డిలో సిమెంటు దించి ఖాళీగా తిప్పుకుంటుంటే ఒక రైతు చెయ్యెత్తాడు. "తమ్మీ, బోరు మోటరు కాలింది. కామారెడ్డిల రివైండింగుకు ఇయ్యాలె. మూడు వందలిస్త, ఏసుకపోతవా?" వేసుకున్నాను. ఇద్దరం పట్టి ఎక్కించే బరువు, బండికది లెక్కలోకే రాలేదు. ఆ రోజు నా కూలి 555. అదే ఇంజిను, అదే వడ్ల రోడ్డు, అవే అయిదు లీటర్లు. మైలేజీ మాత్రం ఎనిమిది నుంచి పదహారుకు ఎక్కింది. పాపం, ఆయన మోటరు కాలితే నా బండి బాగుపడింది.

కావున తమరికి నా విన్నపాలు:

ఒకటి, రోలరు మీద సగం మేర వడ్లు ఆరబోయించండి. చుట్టూ రాళ్లు పెట్టడం మరవకండి.

రెండు, పరీక్షకు పోయిన బండిని ఖాళీగా తిరిగి రప్పించి, ఆ డీజిలును కూడా కలిపి రాయండి.

మూడు, పై రెండూ కుదరకపోతే, రంగుల కాగితం మీద 22 కింద చిన్న అక్షరాలతోనైనా ఒక మాట అచ్చు వేయించండి: "ఈ అంకెను చూసి అప్పు చేయరాదు. తిరుగు లోడు ఉందో లేదో ముందు చూసుకోవలెను."

ఇది చదివి తమరు కదులుతారని నాకు ఆశ లేదు, తిరగడమే గాని కదలడం తమరి పని కాదు గదా. అయినా రాశాను. ఎల్లారెడ్డి వైపు ఎవరికైనా కామారెడ్డికి పంపే సామాను ఉంటే నా సంగతి ఒక మాట చెప్పండి. మధ్యాహ్నం రెండింటి నుంచి ఎల్లారెడ్డిలోనే ఉంటాను, ఖాళీగా.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ట్రాలీ ఓనర్ కమ్ డ్రైవర్ కమ్ అప్పుడప్పుడు హమాలీ.