తొడ కొట్టకండి, తీగలు ఊడతాయి

పహిల్వాన్ తొడ కొట్టాడంటే కబురు అవతలివాడికి అందినట్టే. ఇప్పుడు అంతటితో సరిపోదు. తొడ వెనక రెండు స్టిక్కర్లు అతికించి, వాటి తీగలు ఒక పెట్టెకు తగిలించి, తెర మీద గీతలు ఎగిరితేనే ఆ కాలిలో కండ ఉందని ఒప్పుకునే రోజులొచ్చాయి. బార్కస్‌లోనో శాలిబండలోనో జిమ్ముకెళ్లే కుర్రాణ్ని "ఏం కొడుతున్నవ్ భాయ్ ఇయ్యాల?" అని అడగండి. వ్యాయామం పేరు చెప్పడు. "హ్యామ్‌స్ట్రింగ్ యాక్టివేషన్ నూట ముప్పై శాతం" అంటాడు. ఫోన్ తీసి రంగురంగుల చార్టు చూపిస్తాడు. అందులో ప్రతి వ్యాయామానికీ మార్కులుంటాయి. తాతల నాటి బైఠక్ అట్టడుగున ఫెయిలై కూర్చుని ఉంటుంది.

నూటికి నూరుపాళ్లు అంటే ఇంక పైన ఏమీ లేదనే మన పెద్దలు అనుకున్నారు. ఆ ముప్పై ఎక్కణ్నుంచి వచ్చిందో కాస్త చూద్దాం. పరీక్షకు ముందు మనిషిని బోర్లా పడుకోబెట్టి, చీలమండ కదలకుండా పట్టీ బిగించి, "బలమంతా పెట్టి మడమను పైకి లాగు" అంటారు. ఆ నాలుగైదు క్షణాల్లో చర్మం మీద దొరికిన విద్యుత్ సంకేతం ఎంతో, దాని పేరు నూరు. తర్వాత చేసే ప్రతి వ్యాయామాన్నీ ఆ నూరుతో భాగిస్తారు. మనవాడు రాత్రి షాదీలో రెండింటిదాకా కూర్చుని, కళ్లు మూతలు పడుతుంటే వచ్చి, సగం బలంతో లాగాడనుకోండి. నూరు కుంగిపోతుంది. ఆ తర్వాత ఏం చేసినా నూట ముప్పై, నూట యాభై. పరీక్షలో బద్ధకించినవాడికి ప్రథమ శ్రేణి ఇచ్చే విశ్వవిద్యాలయం ప్రపంచంలో ఇదొక్కటే.

ఈఎంజీ అనే ఆ పరికరంతో నాకు పేచీ లేదు. కండకూ కరెంటుకూ చుట్టరికం ఉందని ఇటలీలో గాల్వానీ కప్ప కాళ్లతో 1791లోనే రాసిపెట్టాడు. నరాల జబ్బు వచ్చినవాడు నిమ్స్‌లాంటి ఆసుపత్రికి వెళితే సూది దించి చూసేది ఈ సంకేతాన్నే. నడకలో ఏ కండ ఎప్పుడు మేలుకుంటోంది, ఎప్పుడు ఊరుకుంటోంది అన్నది అది చక్కగా చెబుతుంది. చెప్పనిది ఒకటుంది: ఆ కండ ఎంత బలం పెట్టింది, రేపు ఎంత పెరుగుతుంది అన్నది. చార్టు అమ్మేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

హ్యామ్‌స్ట్రింగ్ అంటే తొడ వెనక మూడు కండరాలు, అందులో ఒకదానికి రెండు తలలు. అవన్నీ ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉంటాయి. స్టిక్కర్ పైన చర్మం మీద ఉంటుంది. ఏ కండ మాట్లాడిందో దానికి కచ్చితంగా తెలీదు. పక్కింటి మర్ఫా మోత విని మన ఇంట్లోనే పెళ్లనుకునే బాపతు. మోకాలు మడిస్తే చర్మం కింద కండ జరుగుతుంది, స్టిక్కర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చర్మం కింద కొవ్వు పొర మందంగా ఉంటే సంకేతం పలచబడుతుంది. అన్నిటికన్నా ముచ్చటైనది అలసట. ఒకే బరువు ఎత్తుతూ పోతుంటే కండ నీరసపడేకొద్దీ తెర మీద గీతలు పెద్దవవుతాయి, ఎందుకంటే అదే పనికి మెదడు మరిన్ని కండపోగులను లేపాల్సి వస్తుంది. అంటే శక్తి తగ్గుతుంటే మార్కులు పెరుగుతాయి. చార్టు ఆ క్షణంలో షాబాష్ అంటుంది.

అసలు తమాషా ఇంకా ఉంది. చార్మినార్‌కు 149 మెట్లు. సందర్శకులకు టికెట్‌తోపాటు తలా రెండు స్టిక్కర్లు ఇచ్చి పైకి పంపుదాం. ఎక్కేటప్పుడు మీటర్ ఎగిరెగిరి పడుతుంది. దిగేటప్పుడు కునుకు తీస్తుంది. మర్నాడు మంచం దిగలేక మూలిగేది మాత్రం ఆ కునుకు తీసిన పనికే. సాగుతూ బరువు మోసే కండ తక్కువ కరెంటుతో ఎక్కువ బలం ఓర్చుకుంటుంది. దాని కష్టం తెర మీదికి పూర్తిగా రాదు.

ఫుట్‌బాల్ ఆడేవాడి హ్యామ్‌స్ట్రింగ్ ఎక్కువగా తెగేది ఎప్పుడు? శరవేగంతో పరుగెడుతూ కాలు ముందుకు విసిరి, పాదం నేలకు తగలబోయే ముందు. అప్పుడు కండ బాగా సాగి ఉంటుంది, సాగుతూనే బ్రేకు వేస్తుంటుంది. కాబట్టి దానికి నేర్పాల్సింది సాగుతూ ఓర్చుకోవడం. మన చార్టు ఆ చదువుకే తక్కువ మార్కులు వేస్తుంది.

2021లో జపాన్ పరిశోధకులు ఒక పని చేశారు. ఇరవైమందికి ఒక కాలితో కూర్చుని చేసే లెగ్ కర్ల్, రెండో కాలితో బోర్లా పడుకుని చేసే లెగ్ కర్ల్ ఇచ్చి, 12 వారాలు చేయించి, ముందూ వెనకా ఎమ్మారైలో కండను కొలిచారు. కూర్చున్న కాలిలో 14 శాతం పెరిగింది, పడుకున్న కాలిలో 9. కూర్చుంటే నడుము దగ్గర వంగి కండ సాగి ఉంటుంది, అంతే తేడా. ఇవీ శాతాలే కదా అంటారేమో. అవును. కాకపోతే కొలిచింది కండను.

బైఠక్ సంగతీ చెప్పాలి, లేకపోతే తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాద్‌లు నన్ను తమ మనిషి అనుకుంటారు. 2019లో, అదీ జపాన్‌లోనే, పది వారాలు బార్‌బెల్‌తో పూర్తి లోతు స్క్వాట్లు, అంటే బరువుతో బైఠక్‌లు, చేయించి చూస్తే తొడ వెనక కండ చెప్పుకోదగ్గంత పెరగలేదు. కాబట్టి "రోజుకు వెయ్యి బైఠక్‌లు తీస్తే అన్నీ వస్తయ్ బేటా" అన్నదీ అంకెల భక్తే. ఉస్తాద్ వెయ్యిని నమ్మాడు, శాగిర్దు నూట ముప్పైని నమ్ముతున్నాడు.

ఈ ఊరికి తొడల విషయంలో పరువు తక్కువేమీ లేదు. రహీం సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఎత్తింది. 1956లో ఆయన శిక్షణలోనే భారత జట్టు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. అప్పుడు తొడలు పట్టేయలేదని కాదు. కానీ ఆయన చూసింది ఎవడు ఎంత పరుగెత్తాడు, చివరి నిమిషంలో ఎవడు నిలబడ్డాడు అన్నది. అది చూడ్డానికి పెట్టె అక్కర్లేదు, గ్రౌండ్‌కి రావాలి. తెల్లారి లేవడమే కష్టం గనక పెట్టె కొంటున్నాం.

పోనీ నిజంగా పనికొచ్చేది ఏదీ లేదా అంటే, ఉంది. నార్డిక్ అంటారు. మోకాళ్ల మీద నిలబడు, వెనక ఒకడు నీ చీలమండలు నొక్కి పట్టుకుంటాడు, నడుము వంచకుండా మెల్లగా ముందుకు ఒరుగు, ఆపగలిగినంతసేపు ఆపు, ఆపలేనప్పుడు చేతుల మీద పడు. డెన్మార్క్‌లో 50 జట్లు, 942 మంది ఆటగాళ్ల మీద పరీక్షించి 2011లో ఫలితాలు అచ్చువేశారు. ఇది చేసినవాళ్లలో హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు 15, చేయనివాళ్లలో 52. ఇక్కడ లెక్కపెట్టింది కరెంటును కాదు, కుంటుతూ బయటికొచ్చినవాళ్లను. తాలీం మట్టిలో ఈ సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. కావలసింది ఒక దోస్త్, మోకాళ్ల కింద ఒక పాత దుప్పటి.

అయినా ఎవరు చేస్తారు? 2015లో ఛాంపియన్స్ లీగ్, నార్వే ప్రీమియర్ లీగ్ క్లబ్బులను అడిగి లెక్కతీస్తే, 150 క్లబ్-సీజన్లలో (ఒక్కో క్లబ్ ఆడిన ఒక్కో సీజన్ ఒకటి) దీన్ని పూర్తిగా పాటించినవి 16. కోట్ల యూరోల కాళ్లున్నవాళ్ల సంగతే ఇలా ఉంటే గల్లీ జిమ్ముని ఏమనగలం! మీ చార్టుల ట్రైనర్‌కి ఈ డెన్మార్క్ కథంతా చెప్పి, రేపట్నుంచి నార్డిక్ చేయిస్తావా అని అడిగి చూడండి. "నై అన్నా, కాళ్లు పట్టుకునే పని మనతోని కాదు. కావాల్నంటే స్టిక్కర్లు అతికిస్త" అంటాడు.