ఆప్టో బోర్డు: సటీక తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి దొరికాడు. ఎలక్ట్రానిక్స్ కొట్లో అమ్మే వేలెడంత ఆప్టో బోర్డుకు మాత్రం వ్యాఖ్యాత దొరకలేదు. కొన్నవాడు కవరు చించి, తోచినట్టు వైర్లు బిగించి, పొగ వచ్చాక అర్థం అడుగుతాడు. అందుకే ఈ టీక.

మూలం: ఐఎన్ ప్లస్, ఐఎన్ మైనస్ | వీసీసీ, అవుట్, జీఎన్‌డీ.

అవతారిక. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్చుకోవు. ఫ్యాక్టరీ సెన్సర్లు మాట్లాడేది 24 వోల్టుల్లో, ఇంటి లైను 230లో. వాళ్ల కబురు దీనికి అందాలి, దెబ్బ అందకూడదు. ఆ రాయబారమే ఇక్కడి కథావస్తువు.

ప్రతిపదార్థం. ఐఎన్ ప్లస్ = కనిపెట్టాల్సిన వోల్టేజి వచ్చే చోటు; ఐఎన్ మైనస్ = ఆ కరెంటు తిరిగిపోయే దారి; వీసీసీ = కంప్యూటరు ఇచ్చే 3.3 వోల్టులు; అవుట్ = కబురు; జీఎన్‌డీ = కంప్యూటరు వైపు గ్రౌండు. మధ్యలో ఉన్న నిలువు గీతను చాలామంది అచ్చు అలంకారం అనుకుంటారు. ఆ గీత మీదే నాలుగు కాళ్ల నల్ల చిప్పు కూర్చుంటుంది. చాలా బోర్డుల్లో అది పీసీ817. దాని కడుపులో ఒక పక్క కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చే ఎల్ఈడీ, ఎదురుగా ఫోటోట్రాన్సిస్టరు. ఇది వెలిగితే అది కరెంటును పారనిస్తుంది. రెంటి మధ్య తీగ అనేదే లేదు. ఆ ఎడం నిమిషం పాటు 5,000 వోల్టుల పరీక్షకు నిలుస్తుంది.

అన్వయం. ఎల్ఈడీ తన వాటాగా పుచ్చుకునేది సుమారు 1.2 వోల్టులే. 24లో మిగిలిన బరువంతా రెసిస్టరు మీద పడుతుంది. 2.2 కిలోఓములు పెడితే దాదాపు 10 మిల్లీఆంపియర్లు పారతాయి, రెసిస్టరులో పావు వాటుకు కాస్త తక్కువ వేడి పుడుతుంది. సరిపోయింది కదా అని పావు వాటు రెసిస్టరే వేసి, రేకు పెట్టెలో మూసి, మే నెల ఎండలో వదిలేసేవారు ఉన్నారు. అర వాటుది వేస్తే పోయేదేమీ లేదు.

దురన్వయం. ఐఎన్ మైనస్, జీఎన్‌డీ రెండూ గ్రౌండులే కదా అని ఒకే వైరుతో కలిపేయడం. 5,000 వోల్టుల గోడ కట్టి, పక్కన తలుపు తీసి పెట్టినట్టు. రెండు వైపులకూ ఒకే పవర్ సప్లై వాడినా జరిగేది అదే. వ్యాఖ్యాతకు ఈ బోర్డు మీద కోపం లేదు గానీ, ఈ వైరు మీద ఉంది.

పాఠాంతరాలు. 817 పక్కన ఏ, బీ, సీ, డీ అనే అక్షరం ఉంటుంది. ఎల్ఈడీలో 5 మిల్లీఆంపియర్లు పారితే అవతల ఎంత పారగలదో అది చెబుతుంది: ‘ఏ’ అయితే 80 నుంచి 160 శాతం, ‘డీ’ అయితే 300 నుంచి 600.

శంక: వోల్టేజి ఉన్నప్పుడు 0, లేనప్పుడు 1 వస్తోంది. మూలంలో అచ్చుతప్పా? సమాధానం: కాదు. వోల్టేజి లేనప్పుడు పుల్అప్ రెసిస్టరు అవుట్‌ను 3.3కు ఎత్తి పట్టుకుంటుంది. వెలుగు పడగానే ట్రాన్సిస్టరు దాన్ని గ్రౌండుకు లాగేస్తుంది. ప్రోగ్రాంలో తిరగేసి చదువుకోవాలి.

మరో శంక: 10 వోల్టులు వస్తే ఏమనాలి? ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంప్యూటర్లైన పీఎల్‌సీల ప్రమాణం ఐఈసీ 61131-2 ప్రకారం 24 వోల్టుల టైప్ 1 ఇన్‌పుట్టుకు 15 దాటితే 1, 5 లోపైతే 0. మధ్యలోది, వేదాంతుల మాయలాగే, అనిర్వచనీయం.

230 ఏసీ దగ్గర వ్యాఖ్యానం కొంచెం పెరుగుతుంది. శిఖరం 325 వోల్టులు. మామూలు పావు వాటు రెసిస్టరు ఒక్కటే అంత వోల్టేజిని ఓర్చుకోదు కనుక 47 కిలోఓములవి, అర వాటువి, రెండు వరసగా వేస్తారు. ఎల్ఈడీ వెనుక నుంచి 6 వోల్టులు మించితే భరించలేదు, అందుకని దానికి తిరగేసి ఒక డయోడు. ఎదురెదురు ఎల్ఈడీలున్న పీసీ814 వాడితే ఆ డయోడు అక్కర్లేదు. 817తో అయితే ఎల్ఈడీ సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుంది. ఆరిన క్షణంలో చదివిన ప్రోగ్రాం కరెంటు పోయిందని కబురు పంపేస్తుంది. 20 మిల్లీసెకండ్లు ఆగకుండా చూస్తూ, ఒక్కసారైనా 0 పడితే కరెంటు ఉన్నట్టే రాసుకోవాలి.

తాత్పర్యం: వోల్టేజి ఉందా, లేదా. ఎంత ఉందో ఈ బోర్డు చెప్పదు.

విశేషం. బోరు మోటారుకు మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో చూడటానికి మూడు ఆప్టోలు పెట్టారనుకుందాం. మోటారు ఆగి ఉన్నప్పుడు పోయిన ఫేజు ఇట్టే దొరుకుతుంది. తిరుగుతున్నప్పుడు ఒక ఫ్యూజు ఎగిరితే మాత్రం, ఆ ఖాళీ తీగలో మోటారే వోల్టేజి పుట్టిస్తుంది. ఫ్యూజు తర్వాత పెట్టిన మూడో ఆప్టో అన్నీ ఉన్నాయనే చెబుతుంది, వైండింగు కాలుతూనే ఉంటుంది. అక్కడ చూడాల్సింది కరెంటును. దానికి సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) కాయిలు పెడతారు, దాని టీక వేరు.