ముందు రాయిని చూడు బిడ్డా

ఈ మధ్య మీ కుర్రకారు రాసే యాత్రా వ్యాసాలు చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. గండికోట వెళ్ళొచ్చిన ప్రతివాడూ 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటాడు, సూర్యోదయం అంటాడు, టెంటు అద్దె ఎంతో చెబుతాడు. కాళ్ళకింద రాయి ఏ రంగో మాత్రం చెప్పడు! పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట, పలకలు పేర్చినట్టు పొరమీద పొరగా నిలబడ్డ ఆ రాయిని ఒక్కసారైనా తడిమి చూశావా? పెన్నకు అమెరికా పేరు అరువు తేవాల్సిన ఖర్మేమిటి?

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. ఏ మజిలీ దగ్గర బాట ఎలా ఉంది, ఎక్కడ రాళ్ళు, ఎక్కడ ఇసుక, నీటి వసతి ఏమిటి అని రాసుకుంటూ పోయాడు. పల్లకీ ఉన్నా ఆయనకు నేల తెలిసింది. కారు దిగని మీకేం తెలుస్తుంది?

మా రోజుల్లో గోల్కొండ దాటితే చాలు, ఎటు చూసినా గుండ్లే. ఎండ మాడుస్తుంటే ఓ గుండు నీడన కూలబడేవాళ్ళం. సందుల్లో సీతాఫలం చెట్లు. బండకు మొహం ఆనించి చూస్తే గులాబీ రంగు పలుకుల మధ్య నల్లటి అభ్రకం తళుక్కుమనేది. వడ్డెరలు బండమీద మంటపెట్టి, పొర లేచేదాకా ఓపిగ్గా కాచుకుని, అప్పుడు సుత్తె ఎత్తేవారు. మా ఇంటి పునాదిలోనూ ఆ రాళ్ళే ఉన్నాయి, కాదనను. కానీ గుట్ట గుట్టగానే ఉండేది. ఇప్పుడు మందు పెట్టి పేలిస్తే గుట్టకు గుట్టే కంకరైపోతోంది.

ఆ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని మాకు చెప్పినవాళ్ళు లేరు. అది తెలియడం మీ అదృష్టమే. భూమి లోపల చల్లారి గట్టిపడి, పైనున్నదంతా కొట్టుకుపోయాక బయటపడి, పగుళ్ళలో నీళ్ళు దిగి మూలలు అరిగి గుండ్రమయ్యాయి. అంత కాలం నిలిచినదాన్ని ఒక్క అపార్టుమెంటు కోసం పగలగొడతారా? 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్ళు ఇప్పటికీ జనాన్ని గుట్టల వెంట నడిపిస్తున్నారు. వాళ్ళతో పోయి నడవరాదూ?

గోల్కొండ దగ్గరి ఖాజాగూడ గుట్టలకు పోతే ఫోటో తర్వాత తీసుకో బిడ్డా. ఏ గుండు ఎక్కడుందో, పక్కన నీటిగుంట ఉందో లేదో, ఊరివాళ్ళు ఆ గుండును ఏమని పిలుస్తారో ముందు రాసిపెట్టు. వచ్చే ఏడు అది అక్కడే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.