తలకిందుల సలహాలు: పాతిక వేలలో పాట వీడియో

పాట రాసుకున్నారు, బాణీ కుదిరింది, పాడే గొంతూ ఉంది. చేతిలో ఉన్నది పాతిక వేలు. ఈ స్థితిలో ఎవరిని అడిగినా చెప్పేది దాదాపు ఒకటే: మంచి కెమెరా పట్టు, అందమైన లొకేషన్ చూడు, పొద్దుగూకే వేళ తియ్యి, తెలిసినవాళ్లను పిలిచి ఊరికే పని చేయించుకో. ఈ నాలుగూ తప్పని నా నమ్మకం. కింద రాసినవి మొదట వినడానికి తలకిందులుగా ఉంటాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

డబ్బున్నవాళ్ల పద్ధతిని డబ్బు లేకుండా అనుకరిస్తే తెర మీద కనిపించేది లేమి ఒక్కటే. తక్కువ డబ్బుకు తనదైన పద్ధతి ఉంది. అనవసరమైనదాన్ని ఫ్రేములోకి రానివ్వకపోవడం, డబ్బు లేనిచోట సాధన పెట్టడం. వీడియోకి నిగారింపు వచ్చేది అక్కడి నుంచే.

1. కెమెరా మీద రూపాయి కూడా పెట్టకండి

జేబులో ఉన్న ఫోను చాలు. షాన్ బేకర్ తీసిన ‘టాంజరిన్’ 2015లో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శితమైంది. ఆ సినిమా మొత్తం ఐఫోన్ 5ఎస్ మీద తీసిందే. ఫోను ముందు ఒక చిన్న అదనపు లెన్సు, లోపల ఒక కెమెరా యాప్. ఇవాళ మన చేతుల్లో ఉన్నవి అంతకన్నా మెరుగైన ఫోన్లే.

కెమెరా అద్దెకు అనుకున్న డబ్బును పాట ధ్వనికి మళ్లించండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు. గొంతు వెనక ఫ్యాను హోరు వినిపిస్తే పక్కకు తోసేస్తారు. స్టూడియోలో రెండు గంటలు తీసుకుని గొంతు రికార్డు చేయించండి, అనుభవం ఉన్న మనిషితో మిక్సింగ్ చేయించండి. మిక్సును ఫోను స్పీకరులో ఒకసారి వినిపించమని పట్టుబట్టండి. మీ పాట ఎక్కువమంది వినేది అందులోనే. పాటలో డప్పు ఉంటే, దాని కింది స్థాయి మోతను అంత చిన్న స్పీకరు పలికించలేదు. పుల్లదెబ్బ చురుకు పైకి తెలిసేలా మిక్సు చేస్తేనే డప్పు ఉన్నట్టు తెలుస్తుంది.

ఫోనులో ఒక్క సెట్టింగు మాత్రం తప్పక మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోను మామూలుగా 30 ఫ్రేముల లెక్కన తీస్తుంది కాబట్టి గోడ మీద చారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకుంటే ఆ చారలు పోతాయి. ఎక్స్‌పోజరు, ఫోకసు, వైట్ బ్యాలెన్సు మూడూ లాక్ చేయండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్‌లో ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి.

2. కథ పెట్టకండి

నాలుగు నిమిషాల పాటలో ప్రేమ, ఎడబాటు, యాక్సిడెంటు, కలయిక అన్నీ చూపించాలంటే ఆరుగురు మనుషులు, నాలుగు చోట్లు, అయిదు జతల బట్టలు కావాలి. అన్నీ అరకొరగానే అమరుతాయి. కథ బదులు ఒక్క ఆలోచన పట్టుకోండి. దాన్ని ఒక్క వాక్యంలో ఇంట్లోవాళ్లకు చెప్పి చూడండి. కళ్ల ముందు బొమ్మ కడితే అదే మీ వీడియో.

1965లో లండన్‌లో ఒక హోటల్ వెనక సందులో బాబ్ డిలన్ నిలబడి, పాటలోని మాటలు రాసిన అట్టలను ఒక్కొక్కటిగా కింద పడేశాడు. అంతే వీడియో. 1990లో షినేడ్ ఓకానర్ పాటకు ప్యారిస్ పార్కులో కూడా తీశారు. లోకానికి గుర్తుండిపోయింది మాత్రం ఆమె ముఖమే. ఫ్యాట్‌బాయ్ స్లిమ్ పాట ‘ప్రెయిజ్ యూ’ కోసం స్పైక్ జోన్జ్ లాస్ ఏంజెలెస్‌లో ఒక సినిమా హాలు ముందు డాన్సు తెలియనివాళ్లలా ఆడే బృందాన్ని నిలబెట్టి తీశాడు. 1999లో ఎంటీవీ ఉత్తమ దర్శకత్వ పురస్కారం దానికే వచ్చింది.

మన వీధిలోనూ ఇలాంటివి బోలెడు. పాట మొదలైనప్పుడు ఖాళీ వాకిలి, ముగిసేసరికి పూర్తయిన చుక్కల ముగ్గు. లేదా ఇస్త్రీ బండి దగ్గర ఒక పట్టుచీర నలిగిన ముద్దగా మొదలై, చివరి చరణానికి మడత పడుతుంది. రెండింటికీ ఖర్చు దాదాపు లేదు. రెండింటిలోనూ చివరిదాకా చూడాలన్న ఆసక్తి ఉంది.

3. అందమైన చోటుకు వెళ్లకండి

అరకు, గండికోట, గోల్కొండ. చూసొచ్చిన ప్రతివాళ్లకూ అక్కడ పాట తీయాలనిపిస్తుంది. గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ ఆధీనంలోది, షూటింగుకు ముందుగా అనుమతి కావాలి. అరకు వెళ్తే వ్యాను, బస, భోజనాలకే డబ్బంతా పోతుంది. చివరికి చేతికొచ్చేది అందరి దగ్గరా ఉన్న కొండే. డ్రోన్ సంగతీ అంతే. పైనుంచి తీస్తే ఏ ఊరయినా ఒకేలా ఉంటుంది.

నడిచి వెళ్లగలిగేంత దూరంలో, తాళంచెవి మీ దగ్గరే ఉండే చోటు ఎంచుకోండి. మేనత్త ఇంటి డాబా, మూతపడిన రైసుమిల్లు, సెలవురోజు బడి వరండా. ఇవాళ కుదరని షాటు రేపు తీయవచ్చు. ఆ ‘రేపు’ అనేదే మీ అసలు ఆస్తి. తెలంగాణ జానపద గీతాల వీడియోలు యూట్యూబులో కోట్ల మందికి చేరాయి. వాటిలో కనిపించేవి ఎక్కువగా పొలం గట్లు, ఊరి వాకిళ్లే. పాడేవాళ్లకు బాగా తెలిసిన చోట్లు కాబట్టే వాళ్ల నడకలో తడబాటు ఉండదు.

4. మిట్టమధ్యాహ్నం తీయండి

తెల్లవారుజామున, సాయంత్రం బంగారు వెలుగులో తీయమని అందరూ చెబుతారు. మన ప్రాంతంలో సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు కాబట్టి ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది. రెండు టేకులు అయ్యేసరికి రంగు మారిపోయి, ఒక షాటుకు ఇంకో షాటు అతకదు. హడావిడిలో పాడేవాళ్ల ముఖమూ బిగుసుకుంటుంది.

మిట్టమధ్యాహ్నం ఎండ మాత్రం రెండు మూడు గంటలు పెద్దగా మారదు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు స్తంభం నీడ కూడా మాయమవుతుంది. అలాంటి ఎండలో మనిషిని నిలబెట్టమనడం లేదు. కళ్ల కింద గుంటలు పడతాయి. అరుగు మీద, చూరు నీడ దాటకుండా నాలుగడుగులు లోపల, ముఖం వాకిలి వైపు పెట్టి కూర్చోబెట్టండి. ఎండ తగిలిన సిమెంటు వాకిలి మొత్తం ఒక పెద్ద లైటుగా మారి, కింది నుంచి మెత్తటి వెలుగును ముఖం మీదికి పంపుతుంది. వెనక గది చీకటిగా ఉండటంతో మనిషి విడిగా తేలి కనిపిస్తాడు. ఎదురుగా ఆకుపచ్చ గోడ ఉంటే ఆ రంగు చెంపల మీద పడుతుంది, ముందే చూసుకోండి. వాకిలి మట్టిదైతే తెల్ల దుప్పటి పరవండి.

5. లైట్లు అద్దెకు తీసుకోకండి, గుడ్డలు తెచ్చుకోండి

సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ 1956లో వచ్చింది. అందులోని కాశీ ఇంటి ముంగిలి కలకత్తా స్టూడియోలో వేసిన సెట్టు. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్టు పైన తెల్లటి గుడ్డ బిగించి, లైట్లను నేరుగా నటుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి వేయించాడు. అక్కణ్నుంచి తిరిగి పడిన వెలుగు ఆకాశం వెలుగులాగే ఉండి, నిజంగా కాశీలోనే తీశారనిపించింది.

కిటుకు ఇంతే: వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే, మనిషికి ఎంత దగ్గరైతే, నీడ అంచు అంత మెత్తబడుతుంది. మన సినిమా యూనిట్లు థర్మాకోల్ షీట్లు మోసుకు తిరిగేది ఇందుకే. తెల్ల పంచె ఒకటి, థర్మాకోల్ షీట్లు రెండు, నల్ల దుప్పటి ఒకటి తెచ్చుకోండి. నల్ల దుప్పటి ఎందుకంటే, ముఖానికి ఒక పక్క దాన్ని కడితే ఆ పక్క వెలుగు తగ్గి ముక్కు, చెంప తీరు తేలుతుంది. వెలుగు తీసేయడం కూడా లైటింగే.

6. పాటను రెట్టింపు వేగంతో పాడించండి

స్లో మోషనులో అందరూ చేసే తప్పు, తీశాక నెమ్మది చేయడం. పెదాలు పాటకు అతకవు. కాబట్టి ముందే పాటను రెట్టింపు వేగంతో వినిపించి, దానికి తగ్గట్టు పాడించి, సెకనుకు 50 ఫ్రేములతో తీయండి. షట్టరు 100వ వంతు. తరవాత 25 ఫ్రేముల టైమ్‌లైనులో సగం వేగానికి తెస్తే పెదాలు అసలు పాటకు సరిగ్గా కలుస్తాయి; జుట్టు, పైట చెంగు, రాలే పూలు మాత్రం నీళ్లలో ఉన్నట్టు నెమ్మదిగా కదులుతాయి. పల్లవికి ఒకసారి వాడండి, పాటంతా వద్దు.

దీనికి కావలసింది పాడేవాళ్ల సాధన. కోల్డ్‌ప్లే ‘ది సైంటిస్ట్’ వీడియోలో (2002) లోకమంతా వెనక్కి నడుస్తుంటే గాయకుడి పెదాలు మాత్రం పాటకు సరిగ్గా కలుస్తాయి. అందుకోసం గాయకుడు క్రిస్ మార్టిన్ ఆ పాటను చివర నుంచి మొదటికి పాడటం నేర్చుకున్నాడు.

7. ఎక్కువ తీయకండి

రెండు రోజులు దొరికితే మొదటి రోజంతా రిహార్సలు పెట్టండి. కెమెరా బయటికి తీయవద్దు. రెండో రోజు పది పన్నెండు షాట్లు, ముందే కాగితం మీద రాసుకున్నవి, అంతే. ఓకే గో బృందం 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద ఆడిన ‘హియర్ ఇట్ గోస్ అగైన్’ ఒక్క కోత లేని ఒకే షాటు. దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. చూసేవాళ్లను కట్టిపడేసేది వాళ్ల కాళ్లలోని సాధన. ‘ఎడిటింగులో చూసుకుందాం’ అనుకుని మూడు వందల క్లిప్పులు తీసేవాళ్లు ఎడిటరు నిద్ర పాడుచేయడం తప్ప సాధించేది లేదు.

8. డీఐ (తీశాక రంగులు దిద్దే పని) మీద ఆశ పెట్టుకోకండి

ఫోను వీడియోలో రంగు సమాచారం తక్కువ. తరవాత గట్టిగా సాగదీస్తే చర్మం మచ్చలు తేలుతుంది, ఆకాశం చారలు పడుతుంది. రంగులు బట్టలు, గోడల దగ్గరే కుదర్చండి. మూడు రంగులకు మించకండి. సన్నటి గళ్ల చొక్కాలు వద్దు, తెర మీద అలలు తేలినట్టు మినుకుతాయి. మల్లెపువ్వు లాంటి తెల్ల లాల్చీ వెలుగులో పేలిపోతుంది. టీ డికాషనులో ముంచి ఆరేస్తే మీగడ రంగుకు దిగి, మడతలు కనిపిస్తాయి. ఇంత చేశాక మిగిలిన కొద్దిపాటి సవరణకు డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షను చాలు.

9. బొమ్మల వీడియోలో కెమెరా కదపకండి

పాటకు దృశ్యంగా చిత్రకళను ఎంచుకునేవాళ్లు గింబల్ (కుదుపు తెలియకుండా కెమెరాను పట్టే పరికరం) పట్టుకుని బొమ్మ చుట్టూ తిరుగుతారు. కదలాల్సింది బొమ్మ. చేర్యాల పటం పుట్టిందే చుట్ట విప్పుతూ కథ చెప్పడానికి. కెమెరాను బిగించి పటాన్ని నెమ్మదిగా జరిపితే సినిమా అక్కడే ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలకు ముందు నుంచి లైటు వేస్తే అవి ఎండిన తోలే. తెర వెనక నుంచి వేస్తేనే రంగులు పలుకుతాయి. రంగు వేసిన పటానికైతే రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో వెలుగు రానిస్తే మెరుపు కళ్లలో పడదు.

అసలు కెమెరా లేకుండానూ వీడియో తీయవచ్చు. నార్మన్ మెక్‌లారెన్ 1949లో కెనడాలో ఆస్కార్ పీటర్సన్ సంగీతానికి తగ్గట్టు ఫిల్ము మీదే నేరుగా రంగులు పూసి, గీతలు గీసి ‘బిగాన్ డల్ కేర్’ తయారుచేశాడు.

10. పాత పాట కదా అని ధైర్యపడకండి

అన్నమయ్య 1503లోనే వెళ్లిపోయాడు, ఆయన కీర్తనకు హక్కులేమిటి అనుకుంటారు. సాహిత్యం వరకు నిజమే. కానీ రాగిరేకుల మీద రాగం పేరు ఉందే గాని బాణీ లేదు. మనం వినే బాణీల్లో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి ఈ కాలపు పెద్దలు కట్టినవి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం స్వరకర్త మరణించాక కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. కీర్తన ఎంచుకుంటే బాణీ మీరే కట్టుకోండి, లేదా అనుమతి తీసుకోండి.

11. ఎవర్నీ ఊరికే పిలవకండి

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే. ‘పేరొస్తుంది, వచ్చి వాయించి వెళ్లు’ అని డప్పు కళాకారుణ్ని పిలవడం అన్యాయం. ఆ రోజు ఆయన పోగొట్టుకునేది ఒక పెళ్లి ఊరేగింపు బేటా. వీడియోకీ అది నష్టమే. ఊరికే వచ్చినవాళ్లను పదో టేకు అడగడానికి మీకే నోరు రాదు. డబ్బు ముట్టజెప్పినప్పుడే ‘ఇంకొక్కసారి’ అనే హక్కు పుడుతుంది, నిగారింపు వచ్చేది ఆ ఇంకొక్కసారిలోనే.

కాబట్టి పాతిక వేలు ఇలా పంచండి: ధ్వనికి 12 వేలు, మనుషులకు 8 వేలు, రెండు రోజుల భోజనాలకు 3 వేలు, గుడ్డలు, థర్మాకోల్, ఆటోలకు 2 వేలు. ఎవరికి ఎంతో షూటింగుకు ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. చివర్లో వేసే పేర్లను వాళ్లచేతే చదివించి తప్పులు దిద్దండి. డబ్బు చాలదనిపిస్తే కూలి తగ్గించకండి, మనుషుల సంఖ్య తగ్గించండి. అరకొరగా ఇచ్చి ఎనిమిది మందిని ఆడించే బదులు, ఇద్దర్నే పిలిచి ఇద్దరికీ పూర్తిగా ఇచ్చి, వాళ్ల చుట్టూ పాట అల్లుకోండి.